తోడు వేస్తే సముద్రం గడ్డ కడుతుందా?

ఇంటర్ చదివే మా అక్క కూతురు మొన్నామధ్య ఫోన్ చేసి అడిగింది: "పిన్నీ, సైన్స్ ఫిక్షన్‌లో వైబ్రేనియం లాంటి కల్పిత లోహాలూ పదార్థాలూ చూపిస్తారు కదా, వాటిలో ఒక్కటైనా నిజంగా ఉండే వీలుందా?" చాలావాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. కథకు కావలసిన గుణానికి ఒక పేరు పెడతారు. ఆ గుణం ఎలా వస్తుందో చెప్పరు. చెప్పనిదాన్ని పరీక్షించలేం. కానీ ఒక్క పదార్థం మాత్రం 20 ఏళ్లుగా నా బుర్రలో తిష్ట వేసుకుని కూర్చుంది. అదే ఐస్-నైన్.

కర్ట్ వానెగట్ 1963 నవల 'క్యాట్స్ క్రేడిల్'లో వచ్చే మంచు ఇది. మామూలు మంచు 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇది 45.8 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. దీని పలుకు ఒక్కటి నీళ్లలో పడితే ఆ నీళ్లన్నీ ఇలాంటి మంచే అయిపోతాయి. సముద్రంలో పడితే సముద్రమంతా గడ్డే. అసలు ఊహ వానెగట్‌ది కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేసిన నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1930లలో హెచ్.జి. వెల్స్‌కు కథావస్తువుగా ఇది చెప్పాడు. వెల్స్ రాయలేదు. అదే కంపెనీ ప్రచార విభాగంలో పనిచేసిన వానెగట్ తర్వాత రాశాడు.

వినగానే మనకు గుర్తొచ్చేది తోడు. గిన్నెడు పాలలో అర చెంచా పెరుగు కలిపితే తెల్లారేసరికి గిన్నెడూ పెరుగే. ఆ పెరుగే మర్నాటికి తోడు. బలమంతా ఇక్కడే ఉంది: వేసిన తోడు ఖర్చయిపోదు, తయారైన ప్రతి చుక్కా మళ్లీ తోడే. స్ఫటికం కూడా అంతే. దాని ముఖం మీద అణువులు ఒక వరసలో పేర్చి ఉంటాయి. పక్కనున్న ద్రవంలోని అణువు వచ్చి అదే వరసలో కూర్చుంటుంది. ఇప్పుడు కొత్త ముఖం అదే, తర్వాతి అణువుకు అచ్చు అదే. పెరుగులో ఈ పని చేసేది బాక్టీరియా, ఇక్కడ చేసేది ఆకారం. ఆ తేడా పెద్దదే. కానీ లెక్క నడిచే తీరు ఒకటే.

తోడు లేకుండా స్ఫటికం మొదలవడం ఎంత కష్టమో చూడండి. ద్రవంలో కొన్ని అణువులు యాదృచ్ఛికంగా మంచు వరసలోకి వచ్చి చిన్న ముద్ద కట్టాయనుకుందాం. లోపలి అణువులకు శక్తి తగ్గుతుంది, అది లాభం. ఉపరితలానికి శక్తి పెట్టాలి, అది నష్టం. లాభం వ్యాసార్ధం ఘనంతో పెరుగుతుంది, నష్టం వర్గంతో. ముద్ద చిన్నదిగా ఉన్నంతసేపూ నష్టానిదే పైచేయి, కాబట్టి అది విడిపోతుంది. −20 డిగ్రీల దగ్గర కూడా వ్యాసార్ధం 2-3 నానోమీటర్లకు చేరాలి, అంటే వెయ్యికి పైగా అణువులు ఒకేసారి కుదురుగా కూర్చోవాలి. అందుకే స్వచ్ఛమైన నీటి సన్న తుంపరలు −38 డిగ్రీల దాకా నీళ్లలాగే ఉండగలవు. "నీరు 0 డిగ్రీల వద్ద గడ్డ కడుతుంది" అని పిల్లలచేత వల్లె వేయిస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 0 దగ్గర మంచు కరగడం ఖాయం. నీరు గడ్డ కట్టడం ఖాయం కాదు, తోడు కావాలి.

ఆ తోడు మంచే కానక్కర్లేదు. ఇంట్లో పెరుగు అయిపోతే మిరపకాయ తొడిమలు వేసి తోడు పెట్టేవాళ్లు మనలో ఉన్నారు కదా! వానెగట్ అన్నయ్య బెర్నార్డ్ చేసింది అలాంటిదే. ఆయన కూడా జనరల్ ఎలక్ట్రిక్‌లోనే శాస్త్రవేత్త. 1946లో స్ఫటికాల పట్టికలు తిరగేసి, మంచు అల్లికకు దాదాపు సరిపోయే అల్లిక ఉన్న సిల్వర్ అయొడైడ్‌ను పట్టుకున్నాడు. మేఘంలో అతిగా చల్లబడిన చుక్కలకు అది తోడు. 2000 తర్వాతి కరవు ఏళ్లలో మన దగ్గర మేఘమథనం పేరుతో చేయించింది ఈ తరహా పనే. కప్పల పెళ్లితో మేఘానికి ఏ సంబంధమూ లేదు, దీనికి ఉంది. కానీ మేఘమే లేకపోతే తోడు ఏం చేస్తుంది? పాలు లేని గిన్నెలో పెరుగు వేసినట్టే.

గది వేడిలో ఐస్-నైన్ లాంటి పని కళ్లారా చూడాలంటే వెనిగర్, వంట సోడా చాలు. వెనిగర్‌లో పొంగు ఆగేదాకా సోడా వేసి, సన్నని సెగ మీద బాగా ఇగరబెట్టాలి. మీద పొర కడుతుండగా దించి మూత పెట్టి చల్లారనివ్వాలి. అది సోడియం అసిటేట్. నేను స్టీలు గిన్నెలో చేశాను. చల్లారాక నీళ్లలా తేటగా ఉంది. గిన్నె అంచున ఎండిన పలుకును అగ్గిపుల్లకు అంటించి మధ్యలో తాకించాను. పుల్ల కొసనుంచి తెల్లటి సూదులు విసనకర్రలా విచ్చుకుంటూ అంచుదాకా పాకిపోయాయి. పది సెకన్లు పట్టిందేమో. చేతిలో గిన్నె వేడెక్కింది.

ఆ వేడే ఐస్-నైన్ కొంప ముంచేది. గడ్డ కట్టడమంటే వేడిని వదలడం. సోడియం అసిటేట్ 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, ఆ వేడికి చేరగానే గడ్డ కట్టడం తనంతట తానే నెమ్మదిస్తుంది. చల్లారేకొద్దీ మిగతాది గట్టిపడుతుంది. సముద్రానికీ ఇదే లెక్క. మామూలు మంచు ఒక మోల్ (అంటే సుమారు 18 గ్రాములు) కరగడానికి 6.01 కిలోజౌళ్లు కావాలి. ఎంట్రోపీ (అణువుల చిందరవందరకు కొలత) మార్పు అంతే ఉందనుకుంటే, కరిగే వేడి 45.8కి పెరగాలంటే అది 7 కిలోజౌళ్లు కావాలి, అంటే గ్రాముకు సుమారు 390 జౌళ్లు. 25 డిగ్రీల నీటిని 45.8కి చేర్చడానికి గ్రాముకు 87 జౌళ్లు చాలు. అంటే నూటికి 22 పాళ్లు గడ్డ కట్టేసరికే మిగతా నీరు 45.8 డిగ్రీలకు చేరి, పని ఆగిపోతుంది. లోతున 4 డిగ్రీల నీటిలోనైనా సగం గడ్డ కట్టదు. నవలలో చెప్పినట్టు సముద్రం క్షణాల్లో రాయి అయిపోదు, వేడి జావ అవుతుంది. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగు కాదు, ఇక్కడ ఆ మరుగు తోడే పుట్టిస్తుంది.

ఇంకో చిక్కు, ఆ అదనపు కిలోజౌల్ ఎక్కడిది? ఒక నీటి అణువు చుట్టూ నాలుగు హైడ్రోజన్ బంధాలు పడతాయి. మామూలు మంచులో నాలుగూ పడ్డాయి, అదీ దాదాపు సరైన కోణాల్లో. మామూలు ఒత్తిడిలో అంతకంటే బిగువైన అల్లికకు చోటు కనిపించదు. ఇప్పటికి 20 దాకా మంచు రకాలు తెలుసు. 1968లో 'ఐస్ IX' అనే పేరుతో నిజం మంచు కూడా ఒకటి వచ్చింది. కానీ అది −130 డిగ్రీల చలిలో, వాతావరణ పీడనానికి వేల రెట్ల ఒత్తిడిలో నిలిచేది. పేరొక్కటే కలిసింది.

నీటి విషయంలో కుదరని కథ మందుల విషయంలో జరిగింది. రిటోనవిర్ అనే హెచ్‌ఐవీ మందును అబాట్ కంపెనీ 1996లో క్యాప్సూళ్లుగా తెచ్చింది. అప్పటికి తెలిసిన స్ఫటిక రూపం ఒక్కటే. 1998లో అదే అణువు ఇంకో వరసలో పేర్చుకున్న రెండో రూపం ఊడిపడింది. అది మొదటిదానికంటే స్థిరమైనది, కరిగే గుణం చాలా తక్కువ. కరగని మందు రక్తంలోకి వెళ్లదు. ఒకచోట కనిపించాక ఇక ఆగలేదు. ఆ రూపాన్ని చూసిన శాస్త్రవేత్తలు ఇటలీలోని ఫ్యాక్టరీకి వెళ్లొచ్చాక అక్కడా అదే మొదలైంది. కంటికి కనిపించని పలుకులు మనుషులతోపాటే ప్రయాణం చేశాయని అనుమానం. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటారు మన ఇళ్లలో, దానికి ఏ ఆధారమూ లేదు. కానీ స్ఫటికాల ల్యాబులో ఏ పలుకు గడప దాటుతోందో చూసుకోవడం నిజమైన అవసరం. బల్క్ డ్రగ్స్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థాలు) తయారుచేసే హైదరాబాద్ కంపెనీలకు ఇది రోజువారీ టెన్షన్. స్ఫటికాల ఇంజనీరింగ్‌కు పేరుపడ్డ గౌతమ్ దేశిరాజు మూడు దశాబ్దాలు పరిశోధన చేసింది కూడా ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీలోనే.

ఆ క్యాప్సూళ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిన కొత్త క్యాప్సూల్ వచ్చేదాకా రోగులకు ద్రవరూపంలోని మందే దిక్కయింది. అది నోట పెట్టలేనంత చేదు.