కనిపించని కొండకి కాపలా

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటే నాకు సగమే వినపడింది గానీ అడిగిందేంటో మాత్రం అర్థమైంది. ఐస్‌లాండ్ మ్యాప్ మీద ఎర్ర చుక్కలు చూపించి "అమ్మమ్మా ఇన్ని భూకంపాలా, అయితే రేపు పేలిపోతుందా" అని పెద్దాడు, "అసలు మంచు కింద అగ్నిపర్వతం ఉందని ఎవరు చూశారు" అని చిన్నది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్నలు కావివి, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఒక్క రోజులో చదివెయ్యక్కర్లేదు.

ముందు చిన్నదాని ప్రశ్న. ఐస్‌లాండ్ అట్లాంటిక్ సముద్రం మధ్యలో ఉంది, సరిగ్గా అక్కడే భూమి పైపెంకులో రెండు పెద్ద పలకలు, ఒకటి అమెరికా వైపుకి ఇంకోటి యూరప్ వైపుకి, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. మీ గోళ్ళు పెరిగే స్పీడ్ కూడా దీనికంటే ఎక్కువే. ఆ విడిపోయే చోట కిందనుంచి కరిగిన రాయి, అదే మాగ్మా, పైకి వస్తుంది కాబట్టి దేశం నిండా అగ్నిపర్వతాలు. మరి అంత ఉత్తరాన చలిలో ఉంది కదా, దేశంలో దాదాపు పదో వంతు హిమానీనదాల కింద ఉంటుంది. హిమానీనదం అంటే పేరులో నది ఉంది గానీ నీళ్ళు పారేది కాదు తల్లీ, వందల ఏళ్ళుగా పడిన మంచు ఒకదాని మీద ఒకటి నొక్కుకుని గడ్డకట్టి తన బరువుకి తానే మెల్లగా జారుతూ ఉండే మహా మంచుగడ్డ. నిప్పూ మంచూ ఒకే చోట కాపురం పెట్టాయన్నమాట.

అలాంటి వాటిలో ఒకటి కాట్లా, అది మిర్డాల్స్‌యోకుల్ అనే హిమానీనదం కింద ఉంది. దాని నోరు దాదాపు 10 కిలోమీటర్ల వెడల్పు, పైన మంచు కొన్ని చోట్ల 700 మీటర్ల మందం. అక్కడికెళ్ళి నిలబడితే తెల్లటి మైదానం తప్ప ఏమీ కనపడదు. అయినా లోపలి ఆకారం తెలుసు, ఎలాగంటే రేడియో తరంగాలు మంచులోంచి దూరిపోయి కింద రాయికి తగిలి వెనక్కి వస్తాయి, మంచు మీద బండి నడుపుకుంటూ ఆ తరంగం తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలుచుకుంటూ పోతే కింద ఎక్కడ లోయ ఉందో ఎక్కడ గట్టు ఉందో మ్యాప్ గీసెయ్యొచ్చు. కాబట్టి కళ్ళతో ఎవరూ చూడలేదు గానీ కొలిచి చూశారు.

ఇప్పుడు పెద్దాడా, నీ ఎర్ర చుక్కలు. ఆ మ్యాప్ పెట్టేది ఐస్‌లాండ్ వాతావరణ శాఖ, అక్కడ వాన గాలితో పాటు భూకంపాలు, అగ్నిపర్వతాలు కూడా వాళ్ళ పనే. ఆ మ్యాప్‌లో చుక్క రంగు దాని వయసు చెప్తుంది, సైజు కాదు. ఎరుపు అంటే ఇప్పుడే కొన్ని గంటల క్రితం వచ్చింది అని, పాతబడే కొద్దీ పసుపు నీలం అయిపోతాయి, తీవ్రత 3 కంటే పెద్దది వస్తే ఆకుపచ్చ నక్షత్రం పెడతారు. నువ్వు ఎరుపు చూసి కంగారుపడ్డావు, నేను మొదటిసారి చూసినప్పుడు సరిగ్గా ఇలాగే కంగారుపడ్డా.

చుక్క ఎలా పడుతుందో కూడా చెప్తా. రాయి ఎక్కడో విరిగితే రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి, ఒకటి తోసుకుంటూ త్వరగా వచ్చేది, రెండోది పక్కలకి ఊగుతూ వెనకబడి వచ్చేది. మెరుపు కనపడ్డాక ఉరుము ఎంతసేపటికి వచ్చిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో అంచనా వేస్తాం చూడు, ఇక్కడా అదే లెక్క. ఒక సీస్మోమీటర్, అంటే నేల కదలికని పట్టే మిషన్, దగ్గర ఆ రెండిటి మధ్య గ్యాప్ కొలిస్తే దూరం వస్తుంది, దిక్కు రాదు, అందుకే కనీసం మూడు స్టేషన్లు కావాలి, మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే చుక్క. ఇంకోటి గుర్తుపెట్టుకో, తీవ్రత 2 నుంచి 3కి వెళ్ళడం అంటే ఒక మెట్టే అనిపిస్తుంది గానీ విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. మామూలు కొండ దగ్గర నేల కదిలితే రాయి కదిలిందనుకోవచ్చు. మంచు కింద కొండ దగ్గర మంచు కూడా చప్పుడు చేస్తుంది. హిమానీనదం జారుతుంటే పటపట పగుళ్ళిస్తుంది, అడుగున నీళ్ళు చేరితే రాయి మీద రాసుకుంటుంది, అవన్నీ మిషన్ మీద చిన్న చిన్న భూకంపాల్లాగే పడతాయి. కాట్లా దగ్గర వేసవి చివర్లో, ఆ తర్వాతి నెలల్లో చుక్కలు ఎక్కువవుతాయి, పైన మంచు కరిగి బరువు తగ్గి, నీళ్ళు లోపలికి దిగే సీజన్ కదా. పెద్ద గాలి వీచినా మిషన్ గీసే గీతలు లావెక్కుతాయి. అయితే గాలి అన్ని స్టేషన్ల మీదా ఒకేసారి పడుతుంది, కొండ కదిలితే దగ్గరి స్టేషన్లో గట్టిగా, దూరంగా ఉన్న దాంట్లో మెల్లగా పడుతుంది. అందుకే గ్రాఫ్ ఎప్పుడు చూసినా ఒక్క స్టేషన్ చూసి నిర్ణయానికి రావద్దు, పక్క రెండూ చూడు.

అన్నిటికంటే ఆ కాపలావాళ్ళని నిద్రపోనివ్వంది మాత్రం విడివిడి భూకంపం కాదు, ట్రెమర్ అంటారు దాన్ని, ఆగకుండా సన్నగా వణుకుతూ ఉండటం. మాగ్మా కదిలినా, నీళ్ళు మరిగినా, మంచు అడుగున వరద పరిగెడుతున్నా ఈ వణుకు వస్తుంది. సెకనుకి అర నుంచి నాలుగు సార్ల లోపు ఊగే వణుకుని మూడు భాగాలుగా విడగొట్టి మూడు రంగుల గీతలుగా చూపిస్తారు. మన చెవికి సెకనుకి 20 కంటే తక్కువ ఊగేది వినపడదు, అంటే కొండ గొణుగుతూనే ఉన్నా పక్కనే నిలబడ్డ మనిషికి ఏమీ తెలీదు. నాకు ఈ విషయం తెలిసినప్పుడు ఒళ్ళు జలదరించింది.

చుక్కలు ఎంత చెప్పగలవో చూడాలంటే 2014 చూడాలి. వత్నయోకుల్ అనే ఇంకో హిమానీనదం కింద బౌర్దర్‌బుంగా అని ఒక అగ్నిపర్వతం ఉంది, బుంగా అంటే వాళ్ళ భాషలో ఉబ్బెత్తుగా ఉన్నది, మన నీళ్ళ బుంగ గుర్తొచ్చింది కదూ. ఆ ఏడాది ఆగస్టు 16న అక్కడ భూకంపాలు ఒక్కసారిగా మొదలై ఆగలేదు. రోజూ వాటిని మ్యాప్ మీద పెడుతుంటే చుక్కలు ఒక చోట ఉండకుండా చీమల బారులాగా ముందుకి పాకుతున్నాయి, అంటే కింద మాగ్మా రాతిని చీల్చుకుంటూ పక్కకి ప్రయాణం చేస్తోంది. రెండు వారాల్లో 45 కిలోమీటర్లకి పైగా పోయి చివరికి మంచు అంచు దాటాక హోలుహ్రౌన్ అనే చోట బయటికొచ్చింది, ఆరు నెలలు లావా పారింది, 2015 ఫిబ్రవరి 27 దాకా, సుమారు 85 చదరపు కిలోమీటర్లు కప్పేసింది. కింద సరుకంతా ఖాళీ అయ్యేసరికి అసలు కొండ నోరు మంచుతో సహా 65 మీటర్ల దాకా కుంగిపోయింది. మంచు కిందే బయటపడి ఉంటే కథ వేరేలా ఉండేది, ఎందుకంటే ఎర్రటి లావా మంచునీళ్ళకి తగిలితే ఆ నీళ్ళు క్షణంలో ఆవిరై రాయినే పిండి పిండి చేసి బూడిదగా ఆకాశంలోకి విసిరేస్తుంది, పైగా కరిగిన నీళ్ళు వరదై వస్తాయి.

ఆ వరదకి వాళ్ళ దగ్గర ఒక పేరే ఉంది, యోకుల్‌హ్లౌప్. యోకుల్ అంటే హిమానీనదం, హ్లౌప్ అంటే పరుగు. పేరు విని మామూలు వరద అనుకోకండి.

1996 సెప్టెంబర్ 30న వత్నయోకుల్ కింద ఒక పేలుడు మొదలైంది, రెండు వారాలు సాగింది. కరిగిన నీళ్ళన్నీ మంచు అడుగునే పాకి గ్రిమ్స్‌వోట్న్ అనే అగ్నిపర్వతం నోట్లో ఉన్న సరస్సులో చేరాయి, చేరి, కదలకుండా కూర్చున్నాయి. ఆ నీళ్ళు ఏదో ఒకరోజు వస్తాయని అందరికీ తెలుసు, ఎప్పుడో మాత్రం తెలీదు. అక్టోబర్ అయిపోయింది, రాలేదు. నవంబర్ 4 రాత్రి మిషన్ల మీద వణుకు మొదలైంది, దారి మూసేశారు, 5 పొద్దున మంచు కిందనుంచి నీళ్ళు బయటపడ్డాయి. ఉధృతి మీద సెకనుకి 45,000 ఘనపు మీటర్లకి పైనే పారిందని లెక్కగట్టారు, ఇళ్ళంతేసి మంచుగడ్డలు బంతుల్లా కొట్టుకొచ్చాయి. ఒక బ్రిడ్జి మొత్తం పోయింది, ఇంకోటి కొంతమేర తెగిపోయింది. ఒక్క ప్రాణం పోలేదు. నెల రోజుల పైన ఓపిగ్గా చెవులు రిక్కించి కూర్చున్నవాళ్ళ పుణ్యం అది.

మీ అమ్మతో కలిసి నేను ఐస్‌లాండ్ వెళ్ళినప్పుడు స్కాఫ్టఫెల్ దగ్గర రోడ్డు పక్కన ఆ బ్రిడ్జి ఇనప దూలాలు చూశాను, గుర్తుగా అక్కడే ఉంచేశారు. నా నడుమంత లావు ఇనుము, తడిగుడ్డని పిండినట్టు మెలితిరిగి ఉంది. చెయ్యి పెట్టి చూశా, చల్లగా గరుగ్గా తుప్పు అంటుకుంది వేళ్ళకి. వెనక్కి తిరిగితే కనుచూపుమేరా నల్లటి ఇసుక, నది ఎక్కడో దూరంగా అమాయకంగా పారుతోంది. మీ అమ్మ ఫోటో తియ్యడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయింది.

అందుకే అక్కడ కాపలా కొండకే కాదు, నదికి కూడా. హిమానీనదం కిందనుంచి వచ్చే నదుల్లో నీటి మట్టంతో పాటు ఆ నీళ్ళలో కరెంట్ ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తారు, ఎందుకో చెప్పుకోండి? మంచు కరిగిన నీళ్ళలో ఉప్పులు దాదాపు ఉండవు, కరెంట్ సరిగ్గా పారదు, అదే కింద వేడి రాళ్ళ మధ్య నానిన నీళ్ళు కలిస్తే ఖనిజాలన్నీ కరిగి ఉంటాయి కాబట్టి ఆ అంకె పెరుగుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన కూడా వస్తుంది, నది దగ్గరికి పోవద్దని అప్పుడు హెచ్చరిస్తారు, ఆ గ్యాస్ పల్లంలో చేరి ఊపిరాడనివ్వదు. 2011 జులైలో కాట్లా వైపు నుంచి వచ్చిన వరద మూలాక్విస్ల్ నది మీద బ్రిడ్జిని పట్టుకుపోయింది, 2024 జులై 27న మళ్ళీ అదే హిమానీనదం నుంచి నీళ్ళొచ్చి మెయిన్ రోడ్డుని కోసేశాయి. రెండుసార్లూ మంచు పైకి పేలుడు ఏమీ కనపడలేదు. వణుకు చూసి, నీళ్ళ అంకె చూసి పసిగట్టాల్సిందే.

ఇంకా జీపీఎస్ ఉంది, మీ ఫోన్లో ఉన్నలాంటిదే గానీ మిల్లీమీటర్లు చెప్పేంత సున్నితమైనది. మాగ్మా చేరితే కొండ ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుంగుతుంది. గ్రిమ్స్‌వోట్న్ సరస్సు మీద తేలే మంచు మీద కూడా ఒకటి పెడతారు, అది కిందికి దిగడం మొదలెడితే నీళ్ళు జారిపోతున్నాయని అర్థం. ఆ నీళ్ళు పోతే ఇంకో ప్రమాదం, కొండ మీద బరువు తగ్గుతుంది, సోడా సీసా మూత వదులు చేసినట్టు, 2004లో అలా వరద మొదలైన వెనకే కొండ పేలింది.

"మరి ఇన్ని మిషన్లున్నా తారీఖు చెప్పలేరా" అన్నావు పెద్దాడా, కాస్త వెక్కిరింపుగా. చెప్పలేరు. వాళ్ళు కొనిపెట్టేది గంటలు, కొన్నిసార్లు ఒక్క గంట. ఆ గంట విలువ ఏంటో 2010లో చూడు. ఏయాఫ్యాట్లాయోకుల్ అనే కొండ దగ్గర వారాల తరబడి భూకంపాలు, నేల ఉబ్బడం చూస్తూనే ఉన్నారు. ఏప్రిల్ 13 రాత్రి మంచు సరిగ్గా కింద వరసగా భూకంపాలు పడ్డాయి, అర్ధరాత్రి దాటాక వణుకు పెరిగింది, ఆ చీకట్లోనే సుమారు 800 మందిని ఇళ్ళలోంచి లేపి పంపేశారు. పొద్దున వరద రానే వచ్చింది. మార్కర్‌ఫ్ల్యోట్ నది మీద పెద్ద బ్రిడ్జి ఉంది, దాన్ని కాపాడుకోవడానికి పొక్లెయిన్‌తో రోడ్డుని వాళ్ళే తవ్వేసి గండ్లు కొట్టారు, నీళ్ళు అటు మళ్ళాయి, బ్రిడ్జి నిలిచింది. రోడ్డు మళ్ళీ వేసుకోవచ్చు, బ్రిడ్జి అంత సులువుగా కట్టలేం, ఆ లెక్క వరద ముందు నిలబడి వేశారు చూడండి, నాకు వాళ్ళ మీద చాలా గౌరవం. యూరప్‌లో దాదాపు లక్ష విమానాలు ఆగిపోయింది ఆ కొండ బూడిదకే.

విమానాలకోసం పెట్టే రంగులు వేరే, ఆకుపచ్చ అంటే మామూలుగా ఉంది, పసుపు అంటే తేడాగా ఉంది, నారింజ అంటే పేలే సూచనలు ఎక్కువయ్యాయి లేదా బూడిద పెద్దగా లేకుండా పేలుతోంది, ఎరుపు అంటే బూడిద ఎగుస్తోంది లేదా ఏ క్షణమైనా ఎగుస్తుంది. ఈ ఎరుపునీ ఆ చుక్కల ఎరుపునీ కలపొద్దు.

చివర్లో చిన్నది మెల్లిగా అడిగింది నేను మర్చిపోలేదు, "మరి గొర్రెలకి ఎవరు చెప్తారు?" తల్లీ, కాట్లా పెద్దగా పేలింది 1918 అక్టోబర్ 12న. అప్పుడు మిషన్ల నెట్‌వర్క్ లేదు, మధ్యాహ్నం నేల కదిలింది, కాసేపటికే వరద. కొండ కింద మైదానంలో గొర్రెల్ని తోలుకొస్తున్నవాళ్ళు గుర్రాల మీద ప్రాణాలరచేత పట్టుకుని పారిపోయారు, వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు ఆ వైపు వీక్ అనే ఊళ్ళో జనానికి ఫోన్‌లకి మెసేజ్ వస్తుంది, ఊరి గుట్ట మీద చర్చి ఉంది, అందరూ అక్కడికి ఎక్కాలి, ఎలా వెళ్ళాలో ప్రాక్టీస్ కూడా చేశారు. 2010లో అయితే ఊళ్ళు ఖాళీ చేయించాక కూడా రైతుల్ని పశువుల్ని చూసుకోవడానికి వెనక్కి వెళ్ళనిచ్చారు, ఆ బూడిదలో ఫ్లోరిన్ ఉంటుంది, అది పడ్డ గడ్డి మేస్తే గొర్రెల పళ్ళూ ఎముకలూ పాడైపోతాయి, అందుకని పగలే చీకటైపోయిన ఆ బూడిదలో మొహానికి మాస్కులు కట్టుకుని గొర్రెల్నీ గుర్రాల్నీ వెతికి కొట్టాల్లోకి తోలుకొచ్చారు.

ఇట్లు,
మీ అమ్మమ్మ