పొత్తికడుపు ఎమ్మారై: ఆదా అయిన నిమిషాలను ఏం చేయాలి?

ఎమ్మారై బల్ల మీద పడుకున్నవాళ్లకు టెక్నీషియన్ పదేపదే చెప్పే మాట: కదలకండి. కాళ్లూ చేతులూ కదపకుండా ఉండటం కష్టమే అయినా ఎలాగో ఓర్చుకోవచ్చు. పొత్తికడుపు లోపల ఉన్నవి మాత్రం ఎవరి మాటా వినవు. ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్ట లేచి పడుతుంది. పేగులు తమ పని తాము చేసుకుపోతాయి. స్కాన్ మొదట్లో సగం ఖాళీగా ఉన్న మూత్రాశయం చివరికొచ్చేసరికి నిండి, గర్భాశయాన్ని కాస్త పక్కకు నెడుతుంది. గర్భాశయపు కండరం కూడా, గర్భం లేని రోజుల్లో సైతం, ఉండుండి మెల్లగా ముడుచుకుంటుంది.

ఉదాహరణలు చూసి నేర్చుకునే డీప్ లెర్నింగ్ అనే కంప్యూటర్ పద్ధతి ఇప్పుడు ఈ స్కాన్ సమయాన్ని తగ్గిస్తోంది. అసలు ఎమ్మారైకి అంత సమయం ఎందుకు పడుతుంది? ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందించి చిన్న చిన్న సంకేతాలు పంపుతాయి. అయస్కాంత క్షేత్రం తీవ్రతను చోటుచోటుకీ మారిస్తే ఆ సంకేతాల నుంచి బొమ్మ తయారు చేయవచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ చూపించారు. ఆయనకూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ వచ్చింది. ఇప్పటి స్కానర్లు సాధారణంగా ఆ సంకేతాలను వరుస తర్వాత వరుసగా కె-స్పేస్ అనే పట్టికలో నింపి, ఆ తర్వాత ఫోరియర్ గణితంతో బొమ్మగా మారుస్తాయి. పట్టిక నిండుతుండగా ఏదైనా అవయవం జరిగిందా, ఆ తప్పు ఒక్కచోటే ఉండిపోదు. బొమ్మంతా నీడలుగా పరుచుకుంటుంది. పొత్తికడుపులో అన్నిటికంటే ముఖ్యమైన టీ2 సీక్వెన్స్ (నీరున్న చోట్లను తెల్లగా చూపే రకం స్కాన్) ఒక్కోటీ కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. దాన్నే రెండు మూడు దిశల్లో తీయాలి.

టీ2 ఎందుకంత ముఖ్యమంటే, గర్భాశయం పొరలు విడివిడిగా కనిపించేది అందులోనే. మధ్యలో తెల్లగా లోపలి పొర, దాని చుట్టూ నల్లని పట్టీ, ఆపైన బూడిద రంగులో మిగతా కండరం. ఆ నల్లని పట్టీని జంక్షనల్ జోన్ అంటారు. అది 12 మిల్లీమీటర్లకు చేరినా, దాటినా డాక్టర్లు అడెనోమయోసిస్‌ను, అంటే లోపలి పొర కణజాలం కండరంలోకి చొచ్చుకుపోయే జబ్బును, అనుమానిస్తారు. గర్భాశయం ముడుచుకున్న క్షణంలో స్కాన్ పడితే ఆరోగ్యమైన పట్టీ కూడా ఒకచోట లావుగా కనిపించి జబ్బులాగే భ్రమపెడుతుంది. కొద్దిసేపాగి మళ్లీ తీస్తే ముడత పోతుంది, జబ్బయితే అలాగే ఉంటుంది. అయితే మళ్లీ తీయడానికి టైమ్ ఉండాలి.

ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు, కథ ఇంకా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలు, బాలికల్లో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. లోతుగా పాతుకునే రకంలో నల్లని చిన్న ముద్దలు గర్భాశయం వెనక, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్ల మీద, పేగు గోడ మీద ఏర్పడతాయి. అవి దొరకాలంటే పలుచని స్లైసులు, అంటే ఒంటిని పొరలు పొరలుగా చూపే బొమ్మలు, కావాలి. స్లైస్ మందం సగం చేస్తే వచ్చే సంకేతమూ సగమే. బొమ్మ గరుకుగా, చుక్కలు చుక్కలుగా తయారవుతుంది. పాత స్పష్టత తిరిగి రావాలంటే నాలుగు రెట్ల సమయం పెట్టాలి. అంతసేపు పేగులు ఊరుకుంటాయా?

ఈ చిక్కును విప్పడానికి డాక్టర్లు, ఇంజినీర్లు చాలాకాలంగా కష్టపడుతున్నారు. పేగుల కదలిక తగ్గించే హయోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. 1999లో వచ్చిన సెన్స్ లాంటి పద్ధతులు సంకేతాలను అందుకునే అనేక కాయిల్స్‌తో ఒకేసారి విని, కె-స్పేస్‌లో కొన్ని వరుసలు వదిలేయడానికి వీలు కల్పించాయి. 2007లో, తక్కువ కొలతల నుంచే గణితంతో పూర్తి బొమ్మను రాబట్టే కంప్రెస్డ్ సెన్సింగ్ ఎమ్మారైలోకి వచ్చింది. ఇవన్నీ ఉపయోగపడ్డాయి, ఇప్పటికీ వాడుతున్నారు. కానీ వేగం పెంచేకొద్దీ నాయిజ్ (బొమ్మలోని ఆ చుక్కల గరుకు) పెరగడమో, బొమ్మ నునుపుదేలడమో తప్పలేదు.

డీప్ లెర్నింగ్ అడుగుపెట్టింది ఇక్కడే. ముందు పూర్తిగా తీసిన స్కాన్లు పోగు చేస్తారు. వాటిలో కావాలనే కొన్ని వరుసలు తీసేసి, లేదా నాయిజ్ కలిపి, అసలు బొమ్మను తిరిగి రాబట్టమని న్యూరల్ నెట్‌వర్క్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు నేర్పుతారు. వేలాది ఉదాహరణలు చూశాక ఏది నాయిజో, ఏది నిజమైన అంచో దానికి పట్టుబడుతుంది. 2018లో ఫేస్‌బుక్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం కలిసి ఫాస్ట్‌ఎమ్మారై పేరిట మోకాలి స్కాన్ల డేటాను అందరికీ తెరిచాక ఈ పరిశోధన బాగా ఊపందుకుంది. మంచి పద్ధతుల్లో ఇంకో జాగ్రత్త ఉంటుంది: నెట్‌వర్క్ ఊహించిన బొమ్మను అడుగడుగునా యంత్రం నిజంగా కొలిచిన సంకేతాలతో పోల్చి సరిచేస్తారు. ఆ పట్టు వదిలేసి, తయారైన బొమ్మకు పైపైన మెరుగులు దిద్దే పద్ధతిని అంతగా నమ్మలేం.

స్త్రీల పొత్తికడుపు మీద జరిగిన అధ్యయనాల్లో టీ2 స్కాన్ సమయం దాదాపు సగానికి తగ్గినా బొమ్మ పాతదానితో సమానంగానో, ఇంకా మెరుగ్గానో ఉందని రేడియాలజిస్టులు చెప్పారు. నొప్పితో కదలకుండా పడుకోలేనివారికి ఇది చిన్న ఊరట కాదు.

అయినా అందమైన బొమ్మకు మోసపోకూడదు. 25 సెంటీమీటర్ల మేర చూపే 512 బై 512 బొమ్మలో 2,62,144 పిక్సెళ్లు ఉంటాయి. 4 మిల్లీమీటర్ల ముద్ద అందులో ఆక్రమించేది సుమారు 50 పిక్సెళ్లే. బొమ్మ మొత్తానికి సగటున నాణ్యత లెక్కగడితే ఆ 50 మాయమైనా స్కోరు దాదాపు కదలదు. ఆ బొమ్మ తీయించుకున్న మనిషికి మాత్రం ఏళ్ల తరబడి పడుతున్న నొప్పికి కారణం ఆ 50 పిక్సెళ్లలోనే ఉండొచ్చు. 2020లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన, ఇన్‌పుట్‌లో అతి చిన్న మార్పులకే కొన్ని నెట్‌వర్క్‌లు బొమ్మను పాడుచేయగలవనీ, చిన్న వివరాలను మింగేయగలవనీ నిరూపించింది. శిక్షణలో ఎక్కువగా కనిపించని శరీరాలు, ఉదాహరణకు ఆపరేషన్ తర్వాత అతుక్కుపోయిన అవయవాలు, రేడియేషన్ తీసుకున్న కణజాలం, నెట్‌వర్క్‌కు కొత్తే. కదలిక వల్ల పడ్డ నీడలను కూడా ఇది దానంతటదే తుడిచేయదు. కొన్నిసార్లు వాటికే పదునుపెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటి పద్ధతిని పరీక్షించేటప్పుడు బొమ్మ బాగుందా అని అడిగితే చాలదు. ఆపరేషన్‌లో, బయాప్సీలో తేలిన ముద్దలను ఇది చూపించిందా లేదా అని అడగాలి.

ఇక మిగిలిన నిమిషాల సంగతి. వాటన్నిటితో రోజుకు మరికొందరికి స్కాన్ చేయొచ్చు. వెయిటింగ్ లిస్టు పెద్దదైన చోట అదీ అవసరమే. కానీ వాటిలో కొంత వాటా అదే మనిషికి తిరిగి దక్కాలని నేను గట్టిగా అంటాను. లావుగా కనిపించిన పట్టీని మళ్లీ ఒకసారి తీయాలి, లిగమెంట్ల దగ్గర స్లైసులు పలుచన చేయాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇది మరీ ముఖ్యం. దశను నిర్ణయించేటప్పుడు స్కాన్లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 2018 నుంచి ఫిగో (స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య) నియమాలు చెబుతున్నాయి. గడ్డ ముఖద్వారం గోడ దాటి పక్కకు పాకిందా అన్నది తేల్చాలంటే ముఖద్వారం వాలును బట్టి సరిగ్గా అడ్డంగా ఏటవాలు స్లైసులు తీయాలి. చాలామందికి ఆపరేషనా, రేడియేషన్‌తో కీమోనా అన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది. ఆదా అయిన సమయం ముందుగా వెళ్లాల్సింది ఆ స్లైసులకే.