పాత బండి సస్పెన్షన్, స్టీరింగ్: షెడ్డులో రోజూ వినే అపోహలు

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్నవాటిలో చివరిగా వచ్చిన బండికి కూడా పదేళ్లు దాటాయి. 15 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సి వచ్చినప్పుడు చాలామందికి మా షెడ్డు గుర్తొస్తుంది. వాళ్లు ఇంజిన్ గురించి అడిగేది తక్కువ. "స్టీరింగ్ లాగేస్తోంది, అలైన్‌మెంట్ చేయించినా తగ్గలేదు" అనేదే ఎక్కువ. వాళ్ల మాటల్లో తరచుగా వినిపించే అపోహల గురించే ఇది. 800నే ఉదాహరణగా తీసుకుంటున్నా. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్వర్ కలిసి ఉండే నిలువు కాలు) ఉన్న చిన్న కార్లు చాలావాటికి ఇందులో ఎక్కువ భాగం వర్తిస్తుంది.

అపోహ: బండి పక్కకు లాగితే అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది

ముందు గాలి చూడండి. రెండు పక్కలా సమానంగా ఉండాలి. తర్వాత ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి నడపండి. లాగడం కూడా రెండో పక్కకు మారితే తప్పు టైరుదే. అదీ కాదంటే కాసేపు నడిపి ఆపి, రిమ్ముల దగ్గర చేయి పెట్టి చూడండి. ఒక పక్క వేడి బాగా ఎక్కువగా ఉంటే బ్రేక్ పట్టేస్తోందని అర్థం. ఇంకో మాట, వాన నీళ్లు పోవడానికి రోడ్డుకు అంచు వైపు వాలు ఇస్తారు. చేతులు కాస్త వదులు చేయగానే బండి కొద్దిగా ఎడమకు జరగడం రోగం కాదు.

ఇవన్నీ దాటాక కూడా అలైన్‌మెంట్ వంతు రాదు. ముందు జాయింట్లలో లూజు పోవాలి. లూజు ఉన్న బండిని అలైన్‌మెంట్ మిషన్ ఎక్కిస్తే, ఆ నిమిషంలో చక్రం ఎక్కడ నిలబడిందో దానికి తగ్గట్టు కొలత కుదురుతుంది. రోడ్డెక్కి మొదటి గుంత దాటగానే చక్రం ఇంకోచోటికి జరుగుతుంది. డబ్బులు దండగ.

మిషన్ కాగితంలో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) ఎర్రగా, అంటే కొలత తప్పినట్టు, వస్తే ఆపరేటర్ "అది అడ్జస్ట్ అవదు సార్" అని చెప్పి, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సరిచేసి పంపించేస్తాడు. ఆయన చెప్పింది నిజమే. 800 ముందు చక్రాలకు మనం తిప్పి సరిచేయగలిగింది టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) కంపెనీ అమర్చినట్టే ఉంటాయి. అలాంటివి కొలత తప్పాయంటే ఏదో వంగిందనో అరిగిందనో అర్థం. అది స్ట్రట్ కావచ్చు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి) కావచ్చు, బుష్ (జాయింటులో ఉండే రబ్బరు) కావచ్చు. ఆ ఎర్ర అంకెను వదిలేయొద్దు, బండి కింద వెతకాల్సింది దాని కారణాన్నే.

స్టీరింగ్ వణకడం వేరే సంగతి. ఒకానొక స్పీడులోనే వణికి, అది దాటగానే తగ్గితే వీల్ బ్యాలెన్సింగ్, టైరు ఉబ్బు, రిమ్ము సొట్ట చూడాలి. బ్రేక్ తొక్కినప్పుడే వణికితే డిస్క్ చూడాలి. రెండింటికీ అలైన్‌మెంట్‌తో పనిలేదు.

అపోహ: గుంతలో టక్‌టక్ అంటే షాకబ్జర్వర్ పోయినట్టే

కావచ్చు, కానీ నేను ముందు చూసేది స్టెబిలైజర్ బార్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే కడ్డీ) బుష్‌లు. చాలా కార్లలో ఆ బార్ పని బండి ఒరగకుండా చూడడం వరకే. 800లో మాత్రం లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. దాని చివర బుష్‌లు అరిగితే బ్రేక్ తొక్కగానే చక్రం కొంచెం వెనక్కి జరిగి టక్‌మంటుంది, గేరేసి కదిలేటప్పుడు ఇంకోసారి. క్యాస్టర్ తప్పడానికి, బండి లాగడానికి కూడా ఇది కారణం కావచ్చు. తక్కువ ఖర్చుతో అయ్యే పని, అందుకే కాబోలు ఎవరూ దీని పేరెత్తరు.

బండి ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దగ్గర ఎగిరినట్టు టక్‌మంటుందా? అయితే స్ట్రట్ పైనుండే మౌంట్ చూడండి.

ఇక బండి ముందు భాగం కిందికి దిగితే కొత్త షాకర్లు (షాకబ్జర్వర్లు) వేయమంటారు. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకర్ పని ఆ స్ప్రింగు ఊగుడును ఆపడమే. దిగిన స్ప్రింగును షాకర్ లేపదు. షాకర్ మీద పల్చగా నూనె తడి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ధారగా కారి దుమ్ము ముద్ద కట్టి ఉంటే మార్చాలి. మార్చేటప్పుడు కుడి ఎడమ రెండూ కలిపే. బానెట్ నొక్కి వదిలి చూసే పరీక్షలో పూర్తిగా చచ్చిపోయిన షాకరే దొరుకుతుంది, సగం పోయింది దొరకదు.

స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కూడా ఈ కోవలోవే. ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది నిజమే. కానీ ఆ చుట్లు ముడుచుకోవడం ఆగిపోతుంది, భారమంతా మిగతా చుట్ల మీదా, పై మౌంట్ మీదా పడుతుంది. నేనైతే వేయను, అడిగినా వేయను.

అపోహ: కిర్రుమంటే కొంచెం పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే చాలు

రెండు వారాలు చప్పుడు ఉండదు. ఈలోగా ఆ నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడి చినుగుతుంది. రబ్బరు బుష్‌కు పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిలు, మామూలు గ్రీజు ఏవీ తగలకూడదు.

కొత్త బుష్ వేసినా త్వరగా పోతోందంటే నాకు ముందు అనుమానం వచ్చేది బోల్టు ఎప్పుడు బిగించారన్నదాని మీద. బండిని జాకీ మీద లేపి, చక్రం వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, బుష్ లోపలి రబ్బరు తాడు పురి తిరిగినట్టు మెలిపడి అలాగే ఉండిపోతుంది. బోల్టు సగం బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి. మీ మెకానిక్ అలా చేస్తున్నాడో లేదో నిలబడి చూడండి, తప్పులేదు.

అపోహ: స్టీరింగ్ ప్లే ఎక్కువైతే రాక్ బిగిస్తే పోతుంది

దీన్ని గట్టిగా ఖండించాలి. ప్లే అంటే చక్రం కదలకుండానే స్టీరింగ్ తిరిగే ఖాళీ, రాక్ అంటే స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే పళ్ల కడ్డీ. రాక్ ఎక్కువగా అరిగేది నడిమధ్యలో, ఎందుకంటే బండి ఎక్కువసేపు నడిచేది తిన్నగానే. మధ్యలో ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. పాత జీపుల స్టీరింగ్ బాక్సుతోనూ ఇదే తంటా.

అసలు ప్లే ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. చక్రం లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే చక్రం బేరింగ్ లేదా బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండు జాయింటు). ఇంకొకరిని బ్రేక్ తొక్కి ఉంచమని మళ్లీ ఊపండి. అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టై రాడ్ (రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) ఎండ్ లేదా రాక్. స్టీరింగ్ రాడ్డు కింద ఉండే జాయింటు, రాక్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బర్లు కూడా చూడండి. ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు, రాక్ ధరతో పోలిస్తే ఏమీ కాదు.

బాల్ జాయింట్ రబ్బరు బూటు చినిగితే "బూటొక్కటే మార్చండి" అంటారు. చినిగిన రోజే చూస్తే సరే. వానాకాలం గడిచాక వస్తే లోపల ఇసుక చేరి ఉంటుంది, కొత్త బూటుతో ఆ ఇసుకను మూసిపెట్టినట్టే అవుతుంది. జాయింట్ నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టు కొంచెం వదులు చేసేవాళ్లున్నారు. అలా చేయకూడదు, తర్వాతి గాడి వచ్చేదాకా ఇంకాస్త బిగించాలి. వంగిన టై రాడ్డును, లోయర్ ఆర్మ్‌ను గ్యాస్‌తో వేడిచేసి సాగగొట్టినా, వెల్డింగ్ పెట్టినా ఆ బండిని షెడ్డు నుంచి అలాగే తీసుకెళ్లకండి. కొత్త భాగం వేయమనండి, పాతది అక్కడే అడిగి డిక్కీలో వేయించుకోండి.