విద్యుత్ ప్రణాళికపై అపోహలు – వాస్తవాలు: మెగావాట్లు కూడితే లెక్క తేలదు

అపోహ: మన స్థాపిత సామర్థ్యం (అన్ని కేంద్రాలూ పూర్తిగా నడిస్తే ఇవ్వగల విద్యుత్) గరిష్ఠ డిమాండ్‌కు రెట్టింపుకు దగ్గరగా ఉంది; ఇంకా కొత్త కేంద్రాలెందుకు?

వాస్తవం: విద్యుత్ ప్రణాళిక పనిలో ఉన్న నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) చేరింది. అప్పటికి స్థాపిత సామర్థ్యం 440 గిగావాట్లు దాటింది. అయితే ఒక మెగావాట్ సౌర ఫలకాలు ఏడాదికి సుమారు 18 నుంచి 20 లక్షల యూనిట్లు ఇస్తే, 70 శాతం లోడ్ ఫ్యాక్టర్‌తో, అంటే ఏడాది సగటున పూర్తి సామర్థ్యంలో 70 శాతం మేర నడిచే మెగావాట్ బొగ్గు కేంద్రం 60 లక్షలకు పైగా ఇస్తుంది. పైగా పొద్దు గూకాక, ఏసీలు ఇంకా ఆగని వేళ, సౌర మెగావాట్ల విలువ సున్నా. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో వెలువరించిన జాతీయ విద్యుత్ ప్రణాళిక, 2031-32లో 366 గిగావాట్ల గరిష్ఠ డిమాండ్‌ను తీర్చడానికి సుమారు 900 గిగావాట్ల సామర్థ్యం కావాలని లెక్కగట్టింది. అంటే ఈ నిష్పత్తి తగ్గకపోగా రెండున్నర రెట్లకు చేరుతుంది. అది వృథా కాదు, సౌర, పవన విద్యుత్ స్వభావం.

అపోహ: యూనిట్ ధర తక్కువ కనుక అన్నీ సౌర కేంద్రాలే కడితే చాలు.

వాస్తవం: మేము పోల్చేది కేంద్రం గేటు దగ్గరి ధరను కాదు, సాయంత్రం ఏడింటికి ఆ యూనిట్‌ను ఇంటికి చేర్చడానికయ్యే మొత్తం ఖర్చును. అందుకే అదే ప్రణాళిక 2031-32 నాటికి పంప్డ్ స్టోరేజ్ (నీటిని పైకి తోడి ఉంచి, అవసరమైనప్పుడు వదిలి విద్యుత్ తీయడం), బ్యాటరీలు కలిపి దాదాపు 74 గిగావాట్ల నిల్వ కోరింది. శ్రీశైలం ఎడమగట్టున ఉన్న 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ నీటిని తిరిగి పైకి తోడగలిగేవే. మనకిది కొత్త విద్య కాదు.

అపోహ: ప్రణాళిక అంటే భవిష్యత్తును సరిగ్గా ఊహించడం.

వాస్తవం: కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రాలు కట్టారు, అక్కడి డి6 గ్యాస్ క్షేత్రంలో ఉత్పత్తి కుంగిపోయి, 2013 నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆ గ్యాస్ ఆగిపోగా, కొత్త యంత్రాలు ఖాళీగా నిలిచాయి. అక్కడ పొరపాటు ఊహ తప్పడం కాదు, తప్పితే ఏమిటన్న లెక్క లేకపోవడం. ఇంధనం రాకపోతే, వానలు తగ్గితే, డిమాండ్ ఎగిస్తే ఏ కలయిక తట్టుకుంటుందో చూడటమే మా పనిలో అధిక భాగం.

అపోహ: మంచి ప్రణాళికలో విద్యుత్ కోతకు తావుండదు.

వాస్తవం: లోటు ఏర్పడే సంభావ్యత 0.2 శాతం మించకూడదన్నది ప్రణాళిక ప్రమాణం. అంటే ఏడాదిలో సుమారు 17 గంటలు. దాన్ని పూర్తిగా సున్నా చేయాలంటే, ఆ కాసిన్ని గంటల కోసం ఏడాదంతా ఊరికే నిలిచే కేంద్రాల ఖర్చును వినియోగదారుడే బిల్లులో మోయాలి.