పొట్ట ఖాళీగా ఉన్నా ఎండోస్కోపీ కెమెరాకు ఏం అడ్డొస్తుంది?

ఆరు గంటలు ఏమీ తినకుండా వచ్చినా ఎండోస్కోపీకి ముందు మళ్లీ ఏదో మందు ఎందుకు తాగిస్తారని ఒక పాఠకురాలు అడిగారు. తిండి లేకపోయినా పొట్టలో నురగ, జిగురు ఉంటాయి కాబట్టి.

నురగ సంగతి తేలిక. సిమెథికోన్ అనే మందు బుడగల తలతన్యతను తగ్గిస్తుంది, అవి పగిలిపోతాయి. జిగురు అలా లొంగదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా సోకిన పొట్టలో అయితే అది తెల్లగా, మందంగా గోడకు అతుక్కుని, నీళ్లు చిమ్మినా ఊడిరాదు. దాని కింద చిన్న పుండో, తొలిదశ క్యాన్సరో ఉంటే కనిపించదు.

జిగురంటే మ్యూసిన్ అనే ప్రోటీన్ గొలుసుల వల. గంధకపు బంధాలు వాటిని కలిపి ఉంచుతాయి. ఆమ్లం బలంగా ఉన్నచోట ఈ వల గట్టి జెల్‌గా ఉంటుంది, ఆమ్లత తగ్గితే పలచబడుతుంది. ఈ గుణాన్ని బాక్టీరియా ఎంత చక్కగా వాడుకుంటుందో చూడండి! యూరియేజ్ ఎంజైముతో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసి, తన చుట్టూ ఉన్న కొద్దిపాటి జిగురును పలచబరుచుకుని, అందులో ఈదుతూ గోడను చేరుతుంది.

మందులూ ఆ వలనే కొడతాయి. ఎన్-అసిటైల్ సిస్టీన్ గంధకపు బంధాలను తెంచుతుంది. ప్రొనేజ్ అనే ఎంజైము ప్రోటీన్ గొలుసునే కోస్తుంది. కానీ ప్రొనేజ్ ఆమ్లంలో పనిచేయదు. అందుకే 20,000 యూనిట్ల ప్రొనేజ్‌తో పాటు 1 గ్రాము సోడియం బైకార్బొనేట్ (వంటసోడా) కలుపుతారు. సోడా లేకుండా ఇస్తే మందు వృథా. పరీక్ష గదిలోకి వెళ్లే నిమిషంలో ఇచ్చినా అంతే: కనీసం 10 నిమిషాలు కావాలి, ఆలోగా పక్కకు తిరిగి పడుకుంటే మందు అన్ని గోడలకూ తగులుతుంది.

జిగురు పోయాక గోడ కూడా సాక్ష్యం చెబుతుంది. ఆరోగ్యకరమైన పొట్ట మధ్యభాగంలో సన్నటి సిరలు వరుసగా చుక్కల్లా కనిపిస్తాయి. ఇన్‌ఫెక్షన్ ఉంటే వాపు వాటిని కప్పేస్తుంది. గోడంతా ఎర్రబడుతుంది, మడతలు ఉబ్బుతాయి. మడతల మధ్య చూడాలంటే గాలి బాగా నింపి సాగదీయాలి. ఎండోస్కోపీలో కనిపించే గుర్తులను బట్టి పొట్ట వాపును అంచనా వేసే క్యోటో వర్గీకరణలో ఈ ఎరుపూ, ఉబ్బిన మడతలూ, అతుక్కునే జిగురూ ఇన్‌ఫెక్షన్ లక్షణాలే.

యాంటీబయాటిక్స్‌తో బాక్టీరియా పోతే జిగురు, ఎరుపు తగ్గి దృశ్యం తేటపడుతుంది. అయినా నిశ్చింత కూడదు. బాక్టీరియా పోయాక కొన్ని తొలిదశ క్యాన్సర్ల మీద మామూలు కణాల పొర పరుచుకుంటుంది. చుట్టుపక్కల గోడలాగే కనిపించే అలాంటి మచ్చను పట్టుకోవడం మరింత కష్టం. కాబట్టి చికిత్స పూర్తయిన రోగికి కూడా పొట్టను బాగా కడిగి, తీరిగ్గా చూడాలి.