రక్తం గడ్డకట్టించే జన్యువు: చాపెల్ హిల్ కుక్కల నుంచి రాయవేలూరు దాకా

చిత్తూరులో రాయవేలూరు (వెల్లూరు) బస్సు ఎక్కితే ఎవరో ఒకరి చేతిలో సీఎంసీ ఆస్పత్రి ఫైలు కనబడుతుంది. ఒకసారి నా పక్క సీటావిడ ఒళ్ళో ఫైలుతోపాటు స్టీలు టిఫిన్ డబ్బా కూడా ఉంది. సంగటేమో అనుకున్నాను. మూత తీస్తే ఐసు ముక్కల నడుమ, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న సీసా. "ఫ్యాక్టరు నాయనా, ఎండ తగిలితే చెడిపోతాది" అంది. కిటికీ పక్కన పదకొండేళ్ళ కొడుకు. కుడి మోకాలు కొబ్బరిబోండంలా వాచి ఉంది. హీమోఫీలియా, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. గడ్డకట్టించే ప్రోటీన్లనే ఫ్యాక్టర్లంటారు.

"మేనరికం చేసుకున్నందుకే ఇట్లయిందని మా అత్త ఇప్పటికీ సాధిస్తాది" అంది ఆవిడ. ఆ అత్తగారిది అన్యాయం. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం. మామూలుగా తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, తండ్రి బంధువైనా పరాయివాడైనా ఒకటే. మూడోవంతు కేసుల్లో ఇంట్లో అంతకుముందు ఎవరికీ ఉండదు కూడా. ఎనిమిదో ఫ్యాక్టరు లోపిస్తే ఎ రకం, తొమ్మిదోది లోపిస్తే బి. ఎక్కించిన ఎనిమిదో ఫ్యాక్టరు 12 గంటల్లో సగమైపోతుంది. అందుకే వారానికి రెండు మూడు సూదులు.

ఆ ఫ్యాక్టరును ఒళ్ళే తయారు చేసుకునేలా చేయలేమా అని పట్టుబట్టినవాళ్ళలో కాథరిన్ హై ముఖ్యురాలు. అమెరికాలో రక్తవ్యాధుల డాక్టరు. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో పుట్టుకతోనే హీమోఫీలియా బి ఉన్న కుక్కలను పెంచేవారు. వాటి జన్యువు రాతలో, అంటే డీఎన్ఏలో, తప్పు ఒకే ఒక్క అక్షరమని 1989లో ఆమె బృందం తేల్చింది. పదేళ్ళ తర్వాత, ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రికి మారాక, అలాంటి కుక్కలకే ఏఏవీ అనే వైరస్‌లో సరైన జన్యువును పెట్టి ఎక్కించారు. ఏడాది దాటినా ఫ్యాక్టరు తయారవుతూనే ఉంది.

ఏఏవీ 1965లో వేరే వైరస్ నమూనాలో కలిసిపోయి బయటపడింది. మనిషికి జబ్బు చేసినట్టు దాఖలా లేదు. కానీ దాని సంచి చిన్నది, సుమారు 4,700 అక్షరాలే పడతాయి. తొమ్మిదో ఫ్యాక్టరు జన్యువు అందులో హాయిగా ఇముడుతుంది, ఎనిమిదోదాన్ని కత్తిరిస్తే తప్ప పట్టదు. రోగులు తక్కువైనా బి రకంతో మొదలుపెట్టింది అందుకే.

1999 సెప్టెంబరులో అదే ఫిలడెల్ఫియాలో మరో జబ్బుకు, మరో వైరస్‌తో జరిపిన ప్రయోగంలో 18 ఏళ్ళ జెస్సీ గెల్సింగర్ చనిపోయాడు. జన్యుచికిత్స అంటేనే జనం జంకారు.

నా దృష్టిలో అసలు కథ 2006లో అచ్చయిన హై బృందం ఫలితాలది. మనుషుల కాలేయంలోకి ఏఏవీతో జన్యువు పంపితే ఫ్యాక్టరు మామూలు మనిషిలో ఉండేదాంట్లో పది శాతం దాకా లేచింది. కొన్ని వారాలకే పడిపోయింది, కాలేయం దెబ్బతింటోందని చెప్పే ఎంజైములు రక్తంలో పెరిగాయి. కుక్కల్లో నిలిచింది మనుషుల్లో ఎందుకు నిలవలేదు? మనలో చాలామందిని ఏఏవీ చిన్నప్పుడే పలకరించి పోతుంది, ఒళ్ళు దాన్ని మరచిపోదు. వైరస్ తొడుగు ముక్కలు కనబడిన కాలేయ కణాలను ఒంటికి కాపలా కాసే టీ కణాలు దొంగకు చోటిచ్చిన ఇళ్ళలా కూల్చేశాయి. కుక్కలకు ఆ పాత పరిచయం లేదు. ఈ సంగతిని హై బృందం 2007లో బయటపెట్టింది. ఓడిన ప్రయోగాన్ని మూలన పడేయకుండా తవ్విచూడడం అందరివల్లా అయ్యే పని కాదు.

తర్వాతిదంతా వేగంగా సాగింది. 2011లో లండన్, మెంఫిస్ పరిశోధకులు కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇచ్చి ఆ దాడిని ఆపగలిగారు. 2013లో జన్యుచికిత్సల కోసం స్పార్క్ సంస్థను స్థాపించినవారిలో హై ఒకరయ్యారు. 2017లో ఆ సంస్థ మందుతో పదిమంది బి రకం రోగుల్లో ఫ్యాక్టరు సగటున 34 శాతం దగ్గర నిలిచిందని ప్రకటించారు. అందులో వాడింది ఇటలీలోని పాడువాలో దొరికిన, ఎనిమిది రెట్లు చురుకైన జన్యువు. 2022లో అమెరికాలో బి రకానికి మొదటి జన్యుచికిత్సగా అనుమతి పొందింది వేరే సంస్థ మందు, హెమ్జెనిక్స్. అప్పటి ధర 35 లక్షల డాలర్లు, ఆనాటి మన లెక్కలో 28 కోట్ల రూపాయల పైమాటే. స్పార్క్‌లో పుట్టిన మందుకు 2024లో అనుమతి వచ్చింది. రోగులూ డాక్టర్లూ ఆసక్తి చూపడం లేదంటూ, స్పార్క్ నుంచి దాన్ని తీసుకున్న ఫైజర్ కంపెనీ ఏడాది తిరక్కుండానే దాన్ని ఆపేసింది.

చిత్తూరుకు నలభై కిలోమీటర్ల లోపే ఉన్న సీఎంసీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం ఎ రకానికి వేరే దారి పట్టింది. రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలను బయటికి తీసి, లెంటీవైరస్ అనే మరో వైరస్‌తో జన్యువును అక్కడే చేర్చి, తిరిగి ఎక్కించింది. కణంలోకి వైరస్ దూరేది ఒంటి బయటే కాబట్టి పాత పరిచయాల బెడద లేదు. ఐదుగురికీ ఆ తర్వాత రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. అయితే ముందుగా కీమో మందిచ్చి ఎముక మూలుగలో ఆ కణాలకు చోటు చేయాలి. ఆ ఐదుగురిలో అందరికన్నా చిన్నవాడికి 22 ఏళ్ళు.

కాట్పాడి దగ్గర ఆవిడ మళ్ళీ మూత తీసి ఐసు చూసుకుంది.