చైనాలో ఇంగ్లీషు పంతులు, ఠాణా చీటీ

చిరంజీవులు లాస్యకి, కౌశిక్‌కి తాతయ్య ఆశీస్సులు.

టొరంటోలో పుట్టి పెరిగిన మీ బావ చైనాలో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నాడు కదా. దిగిన మర్నాటికల్లా పోలీస్ స్టేషన్లో కనబడాలని వాడు అనగానే లాస్య ఫోన్లో "బావేం తప్పు చేశాడు తాతయ్యా?" అంది. ఫోన్లో చెబితే సగమే వింటారు, అందుకని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు ఊరికో మునసబు, అంటే సర్కారు తరఫున ఊరి పెత్తనం చూసే ఆయన, ఉండేవాడు. ఆయన చేతికింద తలారి, అంటే ఊరి కావలివాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు ఉద్యోగాలు తీసేసింది కాబట్టి మీ నాన్నకే ఇదంతా సరిగ్గా గుర్తుండదు. బస్సు దిగిన కొత్త మనిషి రావిచెట్టు దాటేలోపే తలారి ఎదురొచ్చి "ఏ ఊరు బాబూ మనది? ఎవరి తాలూకు?" అనేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు. చుట్టం పేరు చెబితే ఇంటిదాకా దారి చూపించేవాడు కూడా. గంగిరెద్దులవాళ్ళు, తోలుబొమ్మలవాళ్ళు ముందు మునసబుకి కనబడి, ఎన్నాళ్ళుంటారో చెప్పుకుని, ఆ తర్వాతే డేరా వేసేవాళ్ళు. పిల్లలం మేం ఆ డేరాల చుట్టూ తిరిగి తిట్లు తినేవాళ్ళం, అది వేరే ఉత్తరానికి సరిపోయే సంగతి.

చైనాలో పేటపేటకీ ఒక చిన్న ఠాణా ఉంటుంది. దాన్నే తలారి అనుకోండి. విదేశీయుడు హోటల్లో దిగితే హోటలువాళ్ళే పాస్‌పోర్టు స్కాన్ చేసి కబురు పంపిస్తారు. అద్దె ఇంట్లో దిగితే మాత్రం 24 గంటల్లో తనో, ఇంటాయనో నమోదు చేయించాలి. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, ఇంటాయన గుర్తింపు కార్డు కాపీ పట్టుకెళ్తే నివాసం నమోదైనట్టు ఒక చీటీ ఇస్తారు. చూడ్డానికి బస్సు టిక్కెట్టంత విలువ కూడా లేనట్టుంటుంది గానీ, అది లేకపోతే తర్వాతి కాగితం ఏదీ కదలదు. చెయ్యకపోతే ఒక్కోసారి హెచ్చరించి వదిలేస్తారు, ఒక్కోసారి 2,000 యువాన్ల దాకా జరిమానా వేస్తారు.

ఇక్కడ ఎక్కువగా తప్పేది బద్ధకం వల్ల కాదు. ఇల్లు మారినప్పుడు మళ్ళీ చేయించాలని తెలియకపోవడం వల్ల. పాస్‌పోర్టు కొత్తదైనా, వీసా మారినా మళ్ళీ వెళ్ళాల్సిందే. కొన్ని ఊళ్ళలో దేశం దాటి తిరిగొచ్చినా అడుగుతారు. ఇంకొకటి, అద్దె మీద పన్ను కట్టాల్సొస్తుందని కొందరు ఇంటివాళ్ళు తమ కాగితాలు ఇవ్వడానికి నసుగుతారు. అందుకే అడ్వాన్సు చేతిలో పెట్టకముందే "ఠాణాకి కాగితాలిస్తారా?" అని అడగాలి. ఇచ్చాక అడిగితే ఆ మాటకి విలువ ఉండదు.

తలారి తర్వాత మునసబు. నగర పోలీసు శాఖలో విదేశీయుల రాకపోకలు చూసే కార్యాలయం అది. ఉద్యోగ వీసా మీద, అంటే జెడ్ వీసా మీద వచ్చినవాడు 30 రోజుల్లోపు అక్కడ నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. వేలిముద్రలు తీసుకోవచ్చు. పాస్‌పోర్టు కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే ఉంటుంది, గడువు 15 రోజులు. ఆ రోజుల్లో ఇచ్చే రసీదే వాడికి పాస్‌పోర్టు, కాబట్టి దాన్ని పర్సులో మడిచి చింపుకోకూడదు. మామూలప్పుడు పదహారేళ్ళు నిండిన విదేశీయుడెవరైనా పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలని చట్టం. గడువు దాటి ఉండిపోతే రోజుకి 500 యువాన్లు, మొత్తం 10,000 దాకా.

ఇంతవరకూ ఇది అందరికీ జరిగేదే. భయపడాల్సిందేమీ లేదు, వరసలో నిలబడే ఓపిక ఉంటే చాలు. పోలీసులు బడికే వచ్చి కాగితాలు చూసే సందర్భం వేరు. అక్కడ టీచర్లు ఇరుక్కునేది చాలావరకు ఒకే చోట: పని అనుమతి ఏ బడి పేరున ఉందో ఆ బడిలోనే పాఠం చెప్పాలి. సాయంత్రం పక్క వీధి కిండర్‌గార్టెన్‌లో గంట చెప్పినా, ఎవరింట్లోనో ట్యూషన్ చెప్పినా అది దొంగ పనే. జరిమానా 5,000 నుంచి 20,000 యువాన్లు. విషయం ముదిరితే దానితోపాటు 5 నుంచి 15 రోజుల నిర్బంధం, ఆ తర్వాత విమానం ఎక్కించడం. అలా పంపేసినవాణ్ణి ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా మళ్ళీ రానివ్వరు. 2021 జూలైలో అక్కడి ప్రభుత్వం బడిపిల్లల ట్యూషన్ సెంటర్ల మీద విరుచుకుపడింది. సెంటర్లు మూతపడ్డాయి గానీ పిల్లల్ని చదివించాలన్న తల్లిదండ్రుల ఆత్రం మూతపడదు కదా. ట్యూషన్లు గుట్టుగా ఇళ్ళలోకి వెళ్ళాయి, టీచర్లకి ఆశా పెరిగింది, ప్రమాదమూ పెరిగింది.

ఏజెంట్ల మాట కూడా చెప్పాలి. "ముందు బిజినెస్ వీసా మీద రండి, వచ్చాక మార్పిస్తాం" అంటారు. మార్చేలోపు పోలీసులొస్తే ఏజెంటు ఫోను ఎత్తడు. ఇంగ్లీషు మాతృభాషగా వాళ్ళు లెక్కవేసే దేశాల్లో ఇండియా లేదు. డిగ్రీ ఎంత గొప్పదైనా భారత పాస్‌పోర్టు మీద ఈ ఉద్యోగానికి అనుమతి దొరకడం చాలా కష్టం. మెడిసిన్ చదవడానికి అక్కడికి వెళ్ళిన మన తెలుగు పిల్లలకి "వారానికి నాలుగు గంటలు చెప్పు, చేతిలో డబ్బులు పెడతాం" అని ఎవరైనా అంటే, పోయేది ఆ డబ్బు కాదు, అయిదారేళ్ళ చదువు.

మత్తుమందుల సంగతి ఒక్క మాటలో: అక్కడ మూత్రమే కాదు, వెంట్రుక కూడా పరీక్షిస్తారు, వెంట్రుకకి నెలల కిందటి సంగతి గుర్తుంటుంది. 2019 జూలైలో శూజౌ నగరంలో పట్టుబడిన విదేశీయుల్లో ఇంగ్లీషు టీచర్లే ఏడుగురు.

ఇక తాలూకా నుంచి వచ్చే మనిషి. మా ఊళ్ళో మునసబుకి పైన తాలూకా కచేరీ ఉండేది, అక్కడినుంచి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో ఊరికి తెలిసేది కాదు. చైనాలో రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖ అలాంటిది. 1983లో పెట్టారు, మామూలు పోలీసు శాఖతో సంబంధం లేనిది, పని గూఢచారుల్ని పట్టుకోవడం, తమ గూఢచారుల్ని నడపడం. చాలామంది టీచర్లకి వీళ్ళు ఎన్నడూ ఎదురుపడరు. ఎదురుపడినా తుపాకీ పట్టుకుని రారు. కాలేజీలో విదేశీయుల వ్యవహారాలు చూసే ఆఫీసరు "మనవాళ్ళొకరు మీతో మాట్లాడాలంటున్నారు, టీ తాగుదాం రండి" అని పిలుస్తాడు. ప్రశ్నలు మెత్తగా ఉంటాయి: ఎందుకొచ్చారు, ఇంటికి ఏ విద్యార్థులొస్తారు, ఆదివారాలు ఎక్కడికెళ్తారు, చైనా తనదేనని పట్టుబట్టే తైవాన్ ద్వీపం మాట క్లాసులో ఎలా వచ్చింది. ఈ చివరి ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. చాలా విశ్వవిద్యాలయాల్లో క్లాసులో ఏం జరిగిందో పైకి చేరవేసే విద్యార్థులుంటారు. బయట కూడా గూఢచారుల మీద అనుమానమొస్తే చెప్పమని 12339 అనే నంబరు పెట్టారు. 2023 జూలై 1న సవరించిన గూఢచర్య నిరోధక చట్టం అమల్లోకి వచ్చాక, దేశభద్రతకి సంబంధించిందంటే మామూలు కాగితమూ, డేటా కూడా అందులోకి రావచ్చు. కాబట్టి సైనిక స్థావరం దగ్గర ఫోటోలు, జీపీఎస్ పెట్టి కొలతలు, తన పాఠానికి పనికిరాని సర్వేలు, ఇవన్నీ ఇంగ్లీషు టీచరు జోలికి పోకూడనివి.

ఇంకో రకం పలకరింపు ఉంది, అది డబ్బుతో మొదలవుతుంది. గ్లెన్ డఫీ ష్రైవర్ అనే అమెరికా కుర్రాడు 2004లో షాంఘైలో ఉంటూ ఒక ప్రకటన చూశాడు: అమెరికా, చైనా సంబంధాల మీద వ్యాసం రాస్తే డబ్బిస్తామని. రాశాడు, 120 డాలర్లిచ్చారు. మెచ్చుకున్నారు, ఇంకొందరికి పరిచయం చేశారు. మీ దేశంలో ప్రభుత్వోద్యోగానికి ప్రయత్నించమన్నారు. విదేశాంగ శాఖ పరీక్ష రెండుసార్లు తప్పినా మొదటిసారి 10,000, రెండోసారి 20,000 డాలర్లు చేతిలో పెట్టారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఇంకో 40,000. రహస్యం ఒక్కటీ అందించకుండానే 2011లో నాలుగేళ్ళు జైలుకి వెళ్ళాడు. చేసిన పనికి మించి డబ్బిచ్చేవాడు ఆ పని కోసం ఇవ్వడం లేదని మీకు నేను చెప్పక్కర్లేదు, పెళ్ళిళ్ళలో కౌశిక్ చేత పనులు చేయించుకునే పెద్దమ్మల్ని చూశారుగా!

తలారి పోలిక ఇక్కడిదాకా లాక్కొచ్చాను గానీ ఇక సాగదు. మా తలారి అడిగింది సాయంత్రానికి రచ్చబండ మీద అందరికీ తెలిసిపోయేది, మనమూ తలారిని తిరిగి అడగగలిగేవాళ్ళం. అక్కడ రాసుకున్నది ఏ ఫైల్లో పడిందో టీచరుకి తెలియదు. పైగా టీచరు కాంట్రాక్టు అయిపోగానే విమానం ఎక్కేస్తాడు. ఇంటికొచ్చి మనసు విప్పి మాట్లాడిన విద్యార్థి అక్కడే ఉంటాడు, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు వాడి ఫైలు తెరుచుకుంటుంది. మీ బావకి నేను గట్టిగా చెప్పింది ఇదొక్కటే: ఎవరడిగినా విద్యార్థుల పేర్లు నీ నోటినుంచి రానివ్వకు, వాళ్ళు చెప్పిన మాటలు ఫోన్లో దాచిపెట్టకు.

ఒకవేళ పట్టుకెళ్తే? వీసా, పని అనుమతి కేసుల్లో విచారణ కోసం 30 రోజులు, చిక్కు కేసైతే 60 రోజుల దాకా ఉంచగలరు. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకూడదు, అనువాదకుణ్ణి అడగాలి, మా దౌత్య కార్యాలయానికి చెప్పండని అడగాలి. 1963 నాటి వియన్నా ఒప్పందం ఆ హక్కునిచ్చింది. వాడు అడగాల్సింది కెనడా కార్యాలయాన్ని, మనవాళ్ళని కాదు. ఏ పాస్‌పోర్టు మీద దేశంలోకి అడుగుపెడితే ఆ దేశమే పలుకుతుంది. వాడి దగ్గరున్న ఓసీఐ కార్డు, అంటే భారత సంతతి విదేశీయులకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఇండియాకి రావడానికి పనికొస్తుంది గానీ బీజింగ్‌లో దానికి విలువ లేదు.

ఇదంతా చైనా వింత అనుకుంటారేమో. ఈసారి తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో హోటలుకి వెళ్ళినప్పుడు కౌంటరు పక్కన కాసేపు నిలబడండి. విదేశీయుడెవరైనా వస్తే గుమాస్తా పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటర్లో ఏదో నింపుతాడు. 2025 దాకా దాన్ని ఫారం సి అనేవారు, అదీ 24 గంటల్లోనే పంపాలి. ఎక్కడినుంచి వచ్చాడు, తర్వాత ఎక్కడికెళ్తాడు అని కూడా అందులో ఉంటుంది. ఇంకా ఏమేం అడుగుతున్నారో మర్యాదగా ఆ గుమాస్తానే అడిగి నాకు రాయండి.

మీ
తాతయ్య